'అందరూ' అన్నాడు గదరా

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది విని కోప్పడతాననుకున్నావు. పడలేదు. హాస్టల్లో నీ ఫ్రెండ్ వాళ్ల చర్చికి రెండు వారాలుగా వెళ్తున్నానన్నావు, పాటలు బాగున్నాయన్నావు, ప్రార్థనలో ఏడుపొచ్చిందన్నావు. మన కతోలిక గుడి పూజలో మాత్రం "ఎప్పుడూ అవే మాటలు, అదే లేవడం, అదే కూర్చోవడం" అన్నావు. మీ అమ్మకి నిద్ర పట్టలేదు. నాకూ పట్టలేదు గానీ నా కారణం వేరు. ఎందుకలా ఎప్పుడూ అవేనని నువ్వడిగినదానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటా. పరుగు మీద పూజ ముగించి, ప్రకటనలకి పావుగంట తీసుకున్న ఆదివారాలు నేనూ చూశాను. కీబోర్డు మోతలో పాట మాటలు వినపడవు. బైబిలు నుంచి మొదటి పఠనం చదివేవాడు మైకు ముందుకొచ్చాక పేజీ వెతుక్కుంటాడు (ఒక్కోసారి ఆ చదివేవాడు నేనే). ఇదంతా మన నిర్లక్ష్యం, పూజది కాదు.

"ఎప్పుడూ అవే" అన్నది కూడా సగమే నిజం. ఆదివారం పఠనాలు మూడేళ్లకోసారి గాని తిరిగి రావు. ఒక ఏడాది మత్తయి సువార్త, మరుసటి ఏడాది మార్కు, ఆపై ఏడాది లూకా. ఈస్టరుకి ముందు తపస్సుకాలం వస్తే అల్లెలూయా ఆగిపోతుంది, ఫాదర్ గారి వస్త్రం ఊదా రంగుకి మారుతుంది. మారనివి కొన్నున్నాయి. నీకు విసుగు తెప్పిస్తున్నది అవే కాబట్టి వాటి సంగతే చెబుతా.

నానమ్మకి సంతకం రాదని నీకు తెలుసు, వేలిముద్రే. వారమంతా కూలికెళ్లి మిరపకాయలు కోసేది. ఆదివారం గుళ్లో మాత్రం జవాబులు చెప్పడంలో ఆమె గొంతే ముందుండేది. ఆమె చిన్నప్పుడు పూజ లాటిన్లో జరిగేది. ఫాదర్ గారు బలిపీఠం వైపు తిరిగి ఏదో అంటుంటే వెనక ఆడవాళ్లు జపమాల తిప్పుకునేవాళ్లట. 1963 డిసెంబరు 4న కతోలిక బిషపులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ దైవార్చన మీద, అంటే పూజా ప్రార్థనలు జరిపే తీరు మీద, ఒక పత్రం వెలువరించింది. 2147 మంది అవునన్నారు, నలుగురు కాదన్నారు. జనం పూజని చూసి పోయేవాళ్లు కాదు, తెలిసి అందులో పాలుపంచుకోవాల్సినవాళ్లు అన్నది దాని సారం. సొంత భాషకి తలుపు తీసింది అదే. నానమ్మకి ఆ పత్రం గొడవ తెలీదు. తెలుగు పూజ వచ్చాక ఏడాది తిరిగేసరికి, మనం నమ్మేవన్నీ వరసగా చెప్పే విశ్వాస సంగ్రహంతో సహా అంతా నోటికొచ్చేసింది, అంతే. వారం వారం మాటలు మారిపోతుంటే వచ్చేదా? పుస్తకం చదవగలిగినవాళ్లు, బాగా మాట్లాడగలిగినవాళ్లు ప్రార్థన నడిపిస్తుంటే ఆమె ఊరికే నిలబడి ఉండేది.

అదే పత్రంలో 22వ పేరాలో ఒక కట్టడి ఉంది. పూజ జరిపే గురువైనా సరే, తనంతట తాను దైవార్చనలో ఏదీ చేర్చకూడదు, తీసేయకూడదు, మార్చకూడదు. కుర్రతనంలో నాకిది ఉత్త పెత్తనంలా అనిపించేది. ఒక క్రిస్మస్‌కి కీర్తన తీసేసి, సినిమా ట్యూన్‌లో మేం కట్టిన పాట పెడతామంటే అప్పటి ఫాదర్ గారు వద్దన్నారు. నెల రోజులు అలిగాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పాట వద్దనడమే మేలైంది. అలక కూడా అనవసరం.

నా ఆలోచన మారడానికి కారణం వేరే ఉంది. నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. నా చిన్నతనంలో మన గుళ్లో చాపలు పరిచే చోట్లు వేరు. ముందు పై కులాలవాళ్లవి, వెనక ఎడమవైపు మనవి. ఎవరూ గీత గీయలేదు, గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. దివ్యసత్ప్రసాదానికి, అంటే ప్రభువు శరీరంగా అందుకునే అప్పానికి కూడా, వాళ్లు వెళ్లొచ్చాకే మనం లేవాలి. ఒక ఆదివారం ఇంటికొచ్చి, మనమెందుకు వెనక అని అడిగా. నానమ్మ పొయ్యి ఊదుతూ తల ఎత్తకుండానే అంది: "మీరందరూ తీసుకుని తినండి అన్నాడు గదరా ప్రభువు. అందరూ అన్నాడు, కొందరూ అనలా. ఆ మాట వారం వారం వాళ్లూ వింటున్నారు."

ఆ రోజుల్లో పూజ మాటలు ఊరి పెద్దల చేతుల్లో ఉండి ఉంటే ఆ 'అందరూ' ఎన్నాళ్లు మిగిలేదంటావు? మార్చే హక్కు ఎవరికీ లేదు కాబట్టే, మనల్ని పక్కన కూర్చోనివ్వనివాళ్లు సైతం మోకాళ్ల మీద ఉండి ఆ మాట వినాల్సొచ్చింది. చాపలు కలవడానికి చాలా ఏళ్లు పట్టింది. తొలినాళ్ల కొరింతు సంఘంలోనూ ఇదే కథ. ప్రభువు విందు పేరుతో కూడినచోట కొందరు ముందే తిని తాగి మత్తుగా ఉంటే పేదవాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. అది ప్రభువు విందే కాదు పొమ్మని పౌలు గట్టిగా రాశాడు. కొరింతీయులకు మొదటి లేఖ, 11వ అధ్యాయం. ఆ కోపంలోనే, చివరి రాత్రి యేసు అన్న మాటల్ని వాళ్లకి మళ్లీ గుర్తు చేస్తాడు. మన పూజలో నడిమధ్య ఉన్నవి ఆ మాటలే.

మన పూజ వరస ఎంత పాతదో చూడు. క్రీ.శ. 155 ప్రాంతంలో పునీత జస్టిన్ రోమా చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో ఆదివారం మనవాళ్లేం చేసేవాళ్లో ఉంది. పఠనాలు, ప్రసంగం, లేచి ప్రార్థించడం, రొట్టె, ద్రాక్షరసం, జనం ఆమెన్ అనడం, రానివాళ్లకి ఇంటికి పంపడం, చందా పోగుచేసి అనాథలకీ విధవలకీ ఖైదీలకీ ఇవ్వడం. నీ తరఫున వాదించేవాళ్లు ఒకటి పట్టుకోవచ్చు. అప్పట్లో పూజ నడిపే పెద్ద తన శక్తి కొద్దీ సొంత మాటల్లోనే కృతజ్ఞత చెల్లించేవాడని అక్కడే ఉంది. నిజమే. మాటలు తర్వాత కుదురుకున్నాయి, వరస మాత్రం అప్పటికే ఉంది.

ఇంకొకటి. పొలం పంపకాల్లో నేనూ మీ పెదనాన్నా ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. ఒక ఆదివారం నేను ఆలస్యంగా వెళ్తే ఆయన పక్కనే చోటు మిగిలింది. పరలోక జపం అయింది. ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి అన్నారు ఫాదర్ గారు. ముందువాడికి దండం పెట్టాను, వెనకవాడికి పెట్టాను, ఇక మిగిలింది ఆయనే. చేతులు అప్పటికే జోడించి ఉన్నాయి, అటు తిప్పాను. ఆయనా తిప్పాడు. కుడి చూపుడువేలికి కట్టు ఉంది, పసుపు మరకతో. "అన్నా, వేలికేమైంది?" అనేశాను, పూజ మధ్యలోనే. కొడవలితో తెగిందట, పది రోజులైందట. ఒకే వీధిలో ఉండి నాకు తెలీదు.

పొలం గొడవ ఆ తర్వాత ఇంకో ఏడాది నడిచింది, మాటలు మాత్రం ఆ రోజే మొదలయ్యాయి. చిన్నీ, ఆ రోజు నా ఇష్టానికి నన్ను ప్రార్థన చేసుకోమంటే నాకు ఏడుపు కూడా వచ్చేదేమో. పెదనాన్న పేరు మాత్రం నోటికి వచ్చేది కాదు.

నీ ఫ్రెండ్ వాళ్ల ప్రార్థనని నేను తక్కువ చేయను. ఏడుపొచ్చిందంటే మంచిదే, నీ మనసులో ఏదో ఉంది, అదేంటో నాకు కాకపోయినా మీ అమ్మకైనా చెప్పు. కాకపోతే ఏడుపు రాని ఆదివారం ఏం చేస్తావో ఒకసారి ఆలోచించు. అలాంటివి నాకు చాలా వచ్చాయి.

మీ అమ్మ ఆవకాయ సీసా, రెండు కాటన్ డ్రెస్సులు కట్టి పెట్టింది. వచ్చే వారం ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాం.

నుదుట బూడిద పెట్టే విభూది బుధవారం దగ్గరికొచ్చింది. బూడిద చేయడానికి పోయినేటి మట్టల ఆదివారం నాటి మట్టలు తెచ్చివ్వమని ఫాదర్ గారు మొన్న పూజలో చెప్పారు. మావి ఇచ్చేశాం. నీ మంచం పైన మరియమ్మ పటం వెనక, నువ్వు శిలువలా అల్లి పెట్టిన ఈత మట్ట అలాగే ఉంది, బాగా ఎండిపోయింది. ఇచ్చేయమంటావా, ఉంచమంటావా? ఆదివారంలోపు ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న