పరిశోధనలో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

పీహెచ్‌డీ క్యాన్సర్ పరిశోధనలోనే చేయాలని నిశ్చయించుకున్నానని రాశావు, సంతోషం. సీనియర్ సైంటిస్టువయ్యాక పిపెట్టు పట్టడమే తగ్గిపోయింది కదా, ఇక రోజంతా ల్యాబులో ఏం చేస్తావమ్మా అని కూడా అడిగావు. మాకు బాగా నచ్చిన ఫలితాన్ని అందరికంటే ముందు నేను అనుమానించాలి. నా పనిలో ముఖ్యభాగం అదే.

ఈమధ్య మా విద్యార్థి ఒకడు ఎంతో ఉత్సాహంగా ఒక గ్రాఫు తెచ్చి చూపించాడు. కొత్త రసాయనం మోతాదు పెరిగేకొద్దీ క్యాన్సర్ కణాలు చచ్చిపోతున్నాయి, గీత చూడముచ్చటగా కిందికి దిగింది. నేను డీఎంఎస్‌ఓ సంగతి అడిగాను. నీటిలో సరిగా కరగని మందులను ఆ ద్రావకంలో కరిగించి కణాలకు ఇస్తాము, కాని అది కాస్త ఎక్కువైతే తనే కణాలకు విషమవుతుంది. అతను మందు పెంచిన ప్రతిసారీ దానితోపాటు డీఎంఎస్‌ఓ కూడా పెరిగింది, పోల్చి చూడడానికి మందు ఇవ్వకుండా ఉంచే కంట్రోల్ కణాలకు మాత్రం అది అసలు కలపలేదు. అన్నిటిలోనూ ఒకే పాళ్ళలో ఉండేలా మళ్ళీ చేయించేసరికి ఆ గీత దాదాపు చదునైపోయింది. పాపం, ఆ కుర్రవాడి ముఖం చూడలేకపోయాను. అయినా ఆ సంగతి ఎలుకల మీద ప్రయోగాలు మొదలుపెట్టాక కాకుండా అప్పుడే తెలియడం అతనికీ మేలు, ఆ ఎలుకలకూ మేలు.

ఇంతకంటే లోతైన అనుమానం మరొకటి ఉంది: ఫ్లాస్కులో పెరుగుతున్నవి మనం అనుకుంటున్న కణాలేనా? ఎండీఏ-ఎంబీ-435 అనే సెల్ లైన్‌ను, అంటే ల్యాబులో తరతరాలుగా పెంచుతూ వచ్చే ఒకే మూలపు కణాలను, ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ కణాలుగా నమ్మి, ఆ వ్యాధి ఇతర అవయవాలకు ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి ఎన్నో ల్యాబులు వాడాయి. 2000లో జన్యువుల పనితీరును పోల్చి చూసినప్పుడు అవి మెలనోమా, అంటే చర్మంలో రంగునిచ్చే కణాల నుంచి పుట్టే క్యాన్సర్, లక్షణాలు చూపాయి. ఎం14 అనే మెలనోమా లైన్ నుంచే అవి వచ్చాయని ఆ తర్వాతి పరీక్షలు తేల్చాయి. ఆ ప్రయోగాలు చేసినవారు అసమర్థులు కారు, సోమరులూ కారు. సీసా మీది పేరును నమ్మారు, అంతే. అందుకే మా ల్యాబులో కొత్తగా వచ్చిన ఏ కణాలనైనా డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష, మైకోప్లాస్మా పరీక్ష అయ్యేదాకా విడి ఇంక్యుబేటర్లోనే ఉంచుతాము. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకినా కణాలు పెరిగే పోషక ద్రవం తేటగానే కనిపిస్తుంది కనుక కంటిచూపును నమ్ముకోకూడదు.

ఆ సీసాల వెనుక మనుషులున్నారన్నది కూడా నువ్వు గుర్తుంచుకోవాలని నా కోరిక. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వారపు కణితి నుంచి తీసిన కణాలే హీలా లైన్. ఆ కణాలను పరిశోధనకు వాడుతున్నట్టు ఆమెకు చెప్పలేదు, ఆమె అనుమతి అడగలేదు. అవి ఎంత వేగంగా పెరిగాయంటే ఇతర ల్యాబుల ఫ్లాస్కుల్లోకీ చేరిపోయాయి. వేర్వేరు లైన్లుగా చెలామణీ అవుతున్న చాలా కల్చర్లు నిజానికి హీలావేనని 1966లో జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ చూపించారు. రోగి సంతకం చేసిన అనుమతి పత్రం లేని కణజాలాన్ని నేను ఈనాటికీ ఫ్రీజర్లో పెట్టనివ్వను. ఈ విషయంలో మా వాళ్ళకు నేను కఠినంగానే కనిపిస్తాను.

ఇన్ని పరీక్షలతో అయ్యే ఆలస్యాన్ని ఓర్చుకోగలనా అని నీకు సందేహం రావచ్చు. ఒక రకం రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో అసాధారణంగా చిన్నదైన క్రోమోజోమును నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు 1960లో గుర్తించారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్లే అది ఏర్పడుతోందని జానెట్ రౌలీ 1973లో చూపారు. ఆ మార్పిడి వల్ల తయారయ్యే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందుకు అమెరికాలో 2001లో ఆమోదం లభించింది. మొదటి గమనికకూ మాత్రకూ మధ్య నలభై ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యకాలంలో పనిచేసిన చాలామంది పేర్లు మనకు తెలియవు, కాని వారిలో ఏ ఒక్కరు తొందరపడి తప్పు లెక్క రాసి ఉన్నా రోగి దగ్గరికి ఆ మాత్ర ఇంకా ఆలస్యంగా చేరేది.

ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు ఆ ల్యాబు పేరుప్రతిష్ఠలు చూసి వెంటనే ఒప్పుకోకు. కణాలకు గుర్తింపు పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో అడుగు, విఫలమైన ప్రయోగాలను నోట్‌బుక్కుల్లో ఎలా నమోదు చేస్తారో అడుగు. గైడు లేని సమయంలో విద్యార్థులతో విడిగా మాట్లాడి, ఆశించిన ఫలితం రాలేదని చెప్పడానికి వారు భయపడతారేమో కనుక్కో. వాళ్ళేమన్నారో నాకు రాయి, చేరే సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అమ్మ