రాంబాబుకి, మా వీధి పంపు గురించి

విజయవాడ, కొత్తపేట
శనివారం రాత్రి

ఒరేయ్ రాంబాబూ,

ఎలా ఉన్నావురా? నీ ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు ఇన్నాళ్లు ఆగినందుకు ఈపాటికి తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, ఇది చదివాక ఎందుకు ఆగిందో నీకే తెలుస్తుంది. మన సత్తిగాడు ఈ రాత్రి కనిగిరి బస్సెక్కుతున్నాడు, అత్తగారింటికి. వాడి చేతికిచ్చి పంపుదామని షాపు షట్టరు సగం దించి గబగబా రాస్తున్నా.

ఇంటి సంగతులు ఒక్క గుక్కలో చెప్పేస్తా. అమ్మ బాగా కోలుకుంది. చెల్లాయికి గన్నవరం బదిలీ అయింది. పెద్దాడు నాలుగో క్లాసు. షాపులో రిపేరుకొచ్చే టీవీలు తగ్గాయి, మిక్సీలు, మోటార్లు పెరిగాయి. గోపాలం సైకిలు ఇంకా అక్కడే ఉంది, అంతకంటే ఒక్క ముక్క చెప్పను.

ఇక విను. మా వీధి మంచినీళ్లలో మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకున్నాంరా! నేనొక్కణ్నే కాదు, వీధి వీధంతా.

అమ్మకి వాంతులు, విరేచనాలై సెలైను ఎక్కించారని ఫోన్లో చెప్పానుగా. ఆ వారంలోనే ఇస్త్రీ బండి ఆయన మనవడూ పడ్డాడు, ఎదురింటి పిన్నిగారూ పడ్డారు. ఒకరేమో వానలన్నారు, ఇంకొకరు బండి మీద పునుగులన్నారు. నాకు మాత్రం నీళ్ల మీదే అనుమానం. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో ఏమైందో గుర్తుందిగా? తాగే నీళ్ల పైపులో మురుగు కలిసి మనుషులే పోయారు. అప్పుడు మా మేనత్త వాళ్లు అక్కడికి దగ్గర్లోనే ఉండేవాళ్లు. ఆ రోజుల్లో పడ్డ భయం నాకింకా పోలేదు.

సరే, నీళ్లు సీసాలో పట్టి పరీక్షకిచ్చాం. రిపోర్టు చక్కగా వచ్చింది, ఏ దోషమూ లేదు. పిన్నిగారు గ్లాసు పైకెత్తి "అద్దంలా ఉన్నాయి గదయ్యా" అన్నారు. నిజమే, అద్దంలానే ఉన్నాయి. ఆ రిపోర్టూ అబద్ధం కాదు. కానీ ఆ సీసా పట్టింది పొద్దున నీళ్లు బాగా పారుతున్నప్పుడు. మరి మిగతా టైములో? ఒక్కసారి పట్టిన సీసా ఆ ఒక్క నిమిషం సంగతే చెబుతుంది. నాకు కావలసింది పంపు పక్కనే కూర్చుని, నీళ్లు వచ్చిన దగ్గర్నుంచి ఆగేదాకా కన్నార్పకుండా చూసేది.

మొదలుపెట్టా. ఈఎస్‌పీ32 అని చిన్న బోర్డు ఉంటుంది, వైఫై అందులోనే ఉంటుంది, నాలుగైదు వందలకే దొరుకుతుంది. దానికి మూడు సెన్సర్లు తగిలించా. మొదటిది నీళ్లలో కరిగిన లవణాలు చూసేది, ఈసీ అంటాం. రెండు కడ్డీల మధ్య నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పోతే అన్ని లవణాలున్నట్టు. మామూలు బ్యాటరీ కరెంటు అలాగే ఇస్తూ పోతే కడ్డీల మీద పొర కట్టి లెక్క చెడుతుంది కాబట్టి అటూ ఇటూ మారే కరెంటు ఇవ్వాలి. రెండోది వేడి చూసే డీఎస్18బీ20. అది లేకపోతే ఈసీ లెక్కే నిలవదు, ఎందుకంటే నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఈసీ రెండు శాతం దాకా పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండకి పెరిగితే మురుగు వచ్చిందని వీధిలో కేకలు పెట్టలేం గదా. మూడోది మడ్డి చూసేది. దాన్ని చూడగానే నవ్వొచ్చింది, ఇన్నేళ్లుగా నేను వాషింగ్ మెషీన్లలో చూసి మూల పడేసిన జాతిదే! ఒక పక్కనుంచి కంటికి కనపడని ఎర్రకాంతి వేస్తుంది, నీళ్లలో మట్టి ఉంటే ఆ కాంతి చెదిరిపోతుంది. ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో మడ్డి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే లెక్క) దాటకూడదు, వేరే దారి లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. ఈ చవక సెన్సరుకి ఒకటికీ అయిదుకీ తేడా తెలియదు. ముప్ఫై, నలభై వస్తే మాత్రం గట్టిగా చెబుతుంది. నాకది చాలు.

చవకవి గాలి లెక్కలు చెబుతాయంటావు, నీ సంగతి నాకు తెలీదా. అందుకే సత్తిగాడి కాలు పట్టుకున్నా. వాడిప్పుడు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉన్నాడుగా. లీటరు డిస్టిల్డ్ వాటర్లో 0.746 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపి ఇచ్చాడు. 25 డిగ్రీల దగ్గర దాని ఈసీ 1413 (సెంటీమీటరుకి మైక్రోసీమెన్సుల్లో) ఉండి తీరాలి, ప్రపంచంలో ఎక్కడ కలిపినా అంతే. ముంచి, ఆ అంకెకి సరిచేసి, మళ్లీ ముంచి చూశా. నిలబడింది! ఆ రాత్రి మనం టెన్త్‌లో రేడియో చేసినప్పుడు వివిధభారతి పలికిందే, అంత ఆనందం. నువ్వు పక్కన ఉండాల్సింది.

నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చూసే పీహెచ్ కడ్డీ కూడా పెడదామనుకున్నా గానీ, ఈసీ కడ్డీతో పాటు ఒకే నీళ్లలో ఉంటే ఆ కరెంటు దీనిలోకి వచ్చి అంకెలు ఎగిరిపడతాయి. ఒకదాని తర్వాత ఒకదానికి కరెంటు ఇస్తే సర్దుకుంటుంది. దాని సంగతి తర్వాత.

నీళ్లు సంపులో పడేముందు పైపుకి ఒక టీ జాయింటు (మూడు మూతులది) వేసి, అందులో ఈ మూడూ దించి వదిలేశా. ఇక ఫోన్లో గీత చూడటమే.

ఒరేయ్, ఆ గీత!

మాకు నీళ్లు తెల్లవారుజామున వదులుతారు. రోజూ అదే వరస. నీళ్లు వచ్చీరాగానే ఈసీ గబుక్కున పైకి లేస్తుంది, మామూలు కన్నా రెట్టింపు. మడ్డి కూడా లేస్తుంది. పది పన్నెండు నిమిషాల్లో రెండూ దిగిపోయి కృష్ణ నీళ్లకి ఉండాల్సిన చోట నిలబడతాయి. ఆ తర్వాత నీళ్లు ఆగేదాకా గీత కదలదు. అంటే మొదటి బిందెలు పట్టుకునేవాళ్లే ఆ నీళ్లు తాగుతున్నారు. మా వీధిలో అందరికన్నా ముందు లేచి పట్టేది ఎవరు? మా అమ్మ. ఆ పక్క ఇస్త్రీ బండి ఆయన, ఎదురుగా పిన్నిగారు. నాకు చేతులు చల్లబడ్డాయిరా. పెద్దవాళ్లు పెందలాడే లేచి ఇంటిల్లిపాదికీ పట్టిపెట్టిన నీళ్లవి.

మడ్డి ఒక్కటే లేచి ఉంటే పైపులో తుప్పు కదిలిందనుకునేవాణ్ని. తుప్పుకి ఈసీ అంతలా పెరగదు. మురుగులో ఉప్పులుంటాయి, అందుకే పెరుగుతుంది. ఇంకా గట్టి చేసుకుందామని క్లోరోస్కోపు తెచ్చా, నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో రంగుతో చెప్పే కిట్టు. మొదటి నీళ్లలో మందు చుక్కలు వేస్తే రంగే రాలేదు, అరగంట తర్వాతి నీళ్లు లేత పసుపు తిరిగాయి. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మొదటి నీళ్లలో మురుగు దాన్ని మొత్తం తినేసిందన్నమాట. ఆఖరికి నల్లసీసా పరీక్ష. నీళ్లు పోసి మూత పెట్టి మామూలు వేడిలో ఉంచితే, మలం నుంచి వచ్చే సూక్ష్మజీవులుంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఇది ఎక్కడో విదేశాల్లో కనిపెట్టింది కాదు, 1982లో మన గ్వాలియర్ వాళ్లు, మాంజా, మౌర్య, రావు అని ముగ్గురు చెప్పిన పద్ధతి. పల్లెల్లో కరెంటు లేకపోయినా చేసుకోవచ్చు. మర్నాటికి మొదటి నీళ్ల సీసా బొగ్గులా ఉంది. తర్వాతి నీళ్లది తెల్లారి చూసినా రంగు మారలేదు.

ఆ రెండు సీసాలు పక్కపక్కన పెట్టి అరుగు మీద ఉంచా. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పిన్నిగారు ఆ నల్ల సీసా చూసి కూర్చుండిపోయారు.

మరి ఎక్కడ కలుస్తోంది? వీధి పొడుగునా పైపు తవ్వలేం. అప్పుడు తట్టింది. టీడీఎస్ పెన్నులు, అంటే నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చూపేవి, ఉంటాయి చూడు, ఆర్వో మిషన్లు అమ్మేవాళ్లు ఇళ్లకొచ్చి గ్లాసులో ముంచి "మూడొందలుంది, విషం" అని బెదిరిస్తారే, అవి. మూడొందలు విషం ఎలా అవుతుందిరా! ప్రమాణమే లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిదంటోంది. ఆ అంకె తక్కువుంటే నీళ్లలో క్రిములు లేవనీ కాదు, ఎక్కువుంటే ఉన్నాయనీ కాదు. ఆ పెన్నుతో జనాన్ని భయపెట్టి డబ్బు గుంజడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఒకే పైపు మీద, ఒకే నిమిషంలో, ఈ ఇంటికీ ఆ ఇంటికీ తేడా చూడాలంటే దానికి మించింది లేదు.

రాత్రి ఇంటింటికీ తిరిగి ఒక్కో ఖాళీ సీసా ఇచ్చి, మీద డోరు నంబరు రాసి, "పొద్దున మొదటి నీళ్లు ఇందులో పట్టండి, వదులుకోకండి" అని చెప్పి వచ్చా. ఎవరు పడతారులే అనుకున్నా. తెల్లారేసరికి చీకట్లోనే ఆడవాళ్లు, పిల్లలు, లుంగీల్లో మగాళ్లు, అందరూ సీసాలు పట్టుకుని మా అరుగు దగ్గరికొచ్చారు! డోరు నంబర్ల వరసన పెట్టి పెన్ను ముంచుతూ వెళ్లాం, పెద్దాడు అంకెలు పలక మీద రాశాడు. వీధి మొదట్లోంచి రావిచెట్టు దాకా అన్నీ మామూలే. రావిచెట్టు దాటిన తర్వాతి ఇంట్లో ఒక్కసారిగా రెట్టింపు. అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ ఎక్కువే. "అక్కడే! ఆ తూము కిందే!" అని ఇస్త్రీ ఆయన అరిచిన అరుపు నీకు కనిగిరిలో వినపడాల్సింది.

వాల్వులు తిప్పే ఆయన్ని పిలుచుకొచ్చాం. పెద్దాయన, ఓపిగ్గా విన్నాడు. ఫోన్లో గీత చూపిస్తే నేను చెప్పేలోపే అన్నాడు, "నీళ్లు కట్టేశాక పైపు ఖాళీ అవుద్ది బాబూ. పల్లంలో ఉన్న ఇళ్లు ఉన్నదంతా లాగేస్తాయి. అప్పుడు చిల్లుంటే బయటిది లోపలికొస్తది." అంతే, ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. లోపల నీళ్ల ఒత్తిడి ఉన్నంతసేపూ చిల్లు లోంచి బయటికి కారుతుంది, ఒత్తిడి పోతే సైడు కాలువ నీళ్లు లోపలికి పోతాయి. మర్నాడు వదిలినప్పుడు ఆ మురుగంతా ముందు తోసుకొస్తుంది. పైగా కొందరు పైపుకి నేరుగా మోటారు బిగించి లాగుతారు, బోండాంలో స్ట్రా పెట్టి పీల్చినట్టే. నీళ్లు తక్కువైతే ఆ చిల్లు లోంచి మురుగుని కూడా లాగేస్తుంది. ఆ మాట అనగానే మూలింటి బాబాయి మొహం తిప్పుకున్నాడు. వాళ్లింట్లో రెండు మోటార్లున్నాయి. ఆయన నాకు చిన్నప్పట్నుంచీ... సరే, అది పెద్ద కథ, కలిసినప్పుడు.

తూము బండ తీసి తవ్వారు. ఏనాటిదో ఒక ఇంటి కనెక్షను, జీఐ పైపు (జింకు పూత ఇనప పైపు), సైడు కాలువ నీళ్లలోనే మునిగి ఉంది. వేలు పెడితే దూరేంత తుప్పు పట్టి పోయింది. ఆ ఇల్లు పడగొట్టి ఎన్నేళ్లయిందో, కనెక్షను మాత్రం అలాగే ఉంది. దాన్ని కోసి, మూసి, వీధి మొదటి దగ్గర్నుంచి పైపంతా క్లోరిన్ నీళ్లతో కడిగారు. ఆ మర్నాడు గీతలో మొదటి నిమిషాలకీ చివరి నిమిషాలకీ తేడా లేదురా. ఈసీ లేవలేదు. నల్లసీసా నల్లబడలేదు. అమ్మకి చూపిస్తే "ఇంక నేను ముందు లేచి పట్టచ్చా?" అంది. నేను మాట్లాడలేకపోయా.

సెన్సరు తీసెయ్యలేదు. తడిలో ఉంటే జిగురు పడుతుంది, వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి, అప్పుడప్పుడూ ఆ 1413 నీళ్లలో ముంచి చూసుకోవాలి. ఆ పని పెద్దాడు తీసుకున్నాడు. పక్క వీధి వాళ్లు కూడా అడుగుతున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇలాంటివి నాలుగు చోట్ల ఉండి ఉంటే ఏ వీధిలో పంపు నీళ్లు ముట్టకూడదో ముందే... సరే.

ఇక నువ్వడిగింది. మీ స్కూలు బోరుకి ఇదే పెట్టమన్నావు. పెడతా, కానీ ఒకటి బాగా విను. మీ కనిగిరి సమస్య ఫ్లోరైడు. అది ఈ పెన్నుకీ తెలియదు, నా సెన్సర్లకీ తెలియదు. నీళ్లు ఎంత తేటగా ఉన్నా, టీడీఎస్ ఎంత తక్కువున్నా ఫ్లోరైడు ఉండచ్చు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, 1.5 దాటితే తాగనే కూడదు. దానికి రంగు మారే కిట్టు వేరే ఉంటుంది, సత్తిగాడి చేత పంపిస్తున్నా, సంచిలో నీలం డబ్బా అదే. పెన్ను చూసి "బాగానే ఉన్నాయి" అని పిల్లలకి మాత్రం చెప్పకు, నా మీద ఒట్టు. బోరు నీళ్లు ముందు ఓ పది నిమిషాలు పోనిచ్చి, ఆ తర్వాత ప్లాస్టిక్ సీసాలోనే పట్టు, గాజుది వద్దు. కిట్టులో రంగుల కార్డు పగటి వెలుతుర్లో చూడు, ట్యూబులైటు కింద చూస్తే

సత్తిగాడు వచ్చేశాడు, ఆటో ఆపి అరుస్తున్నాడు. మిగతాది ఫోన్లో. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు.

నీ
వాసు