దుప్పటి మడిచిచ్చిన అన్నకు

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో నాలుగో రోజు. అధిష్ఠానం మొదలైంది. అంటే గంటసేపు కాళ్లూ చేతులూ కదపకూడదు, కళ్లు తెరవకూడదు. ఇరవై నిమిషాలకే మోకాళ్లు భగ్గుమన్నాయి. సంచి సర్దేసుకుందామనుకుంటుంటే శిబిరంలో సాయపడే ధమ్మసేవకులు మీరొచ్చారు.

ఉపదేశాలేమీ లేవు. "మోకాళ్లు తుంటికన్నా పైకున్నాయి, అందుకే నడుము వెనక్కి జారిపోతోంది" అన్నారు గుసగుసగా. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, మెత్త వెనక సగం కింద దూర్చారు. నాలుగంగుళాలు లేచేసరికి మోకాళ్లు నేలకు ఆనాయి. చీలమండ కింద తువ్వాలు చుట్టి పెట్టారు, అక్కడ ఒరుసుకుంటోందని. శ్వాస మీద మనసు నిలవట్లేదంటే మాత్రం "అది ఆచార్యులనే అడగండి" అన్నారు. మంచి సేవకుడి లక్షణం!

ఇంకో మడత వెయ్యాలా అంటే, "మీ నడుమునే అడగండి" అని నవ్వారు. కేసపుత్తం అనే ఊళ్లో కాలాములనే ప్రజలకు బుద్ధుడు చెప్పిందీ దాదాపు ఇదే: గురువు చెప్పాడని నమ్మేయకండి, స్వయంగా తెలుసుకోండి అని.

పదో రోజు మౌనం విడిచాక వెతికితే వంటశాలలో పప్పు గిన్నెలు తోముతున్నారు. పేరడగడం మర్చేపోయాను. కృతజ్ఞతలన్నా.