మా పాపని దక్కించిన అందరికీ

మాది ఆత్రేయపురం. పూతరేకులకి రేకులు తీస్తాను. మా పాపకి 11 ఏళ్లు, ఎనిమిదో ఏట నుంచి టైప్ వన్ షుగర్. పోయిన నెల చావు దాకా వెళ్లి వచ్చింది. ఆ రోజు ఎవరికీ దణ్ణం కూడా సరిగా పెట్టలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పాలి. ఇన్సులిన్ సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. పాపకి రోజుకి 32. అంటే 12 రోజులు మించి రాదు. వానలకి కొబ్బరాకులు తడిసి, పొయ్యి రాజుకోక నా పని సగానికి పడిపోయింది. మా ఆయనకి కొబ్బరి దింపు పనుల్లేవు. సీసా 20 రోజులు రావాలని ఎవరికీ చెప్పకుండా డోసు తగ్గించేశాను. షుగర్ చూసే స్ట్రిప్పు ఒక్కోటి 20 రూపాయలు, అందుకని పరీక్ష కూడా మానేశాను.

పాప చెంబులకి చెంబులు నీళ్లు తాగుతుంటే ఉక్కపోత వల్ల అనుకున్నాను. వాంతులయ్యాయి. ఊళ్లో చూపిస్తే అజీర్తి అని సూది వేసి పంపారు. ఏమీ తినలేదు కదా అని ఆ పూట ఇన్సులిన్ వేయలేదు. షుగర్ పిల్లలున్న అమ్మలూ, ఒంట్లో బాగోనప్పుడు అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదట. నాకు ఆసుపత్రికి వెళ్లాకే తెలిసింది.

బడికి రాలేదేమని చూడ్డానికి వచ్చిన టీచర్ గారు పాప మొహం దగ్గరికి వంగి, "నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తోందమ్మా, ఊపిరి చూడు ఎలా ఎగబీలుస్తోందో" అని వెంటనే 108కి ఫోన్ చేశారు. బండిలో అబ్బాయి వేలు గుచ్చి చూస్తే మీటరు మీద అంకె రాలేదు, 'హై' అని పడింది, అంటే మీటరు కొలవలేనంత ఎక్కువ షుగర్. రాజమండ్రి పెద్దాసుపత్రి చేరేదాకా ఆ అబ్బాయి పాప చెయ్యి వదల్లేదు.

రెండు రాత్రులు సెలైన్, ఇన్సులిన్ డ్రిప్, గంటగంటకీ రక్త పరీక్ష. రాత్రి డ్యూటీ సిస్టర్ గారు వేలు గుచ్చిన ప్రతిసారీ "అయిపోయింది తల్లీ" అంటూ ఆ వేలిని తన గుప్పిట్లో పెట్టుకునేవారు.

డాక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి "డోసు ఎన్నాళ్ల నుంచి తగ్గించావమ్మా?" అని మెల్లగా అడిగారు. తిట్టుంటే అబద్ధం చెప్పేదాన్నేమో. తిట్టలేదు, అంతా చెప్పేశాను. ఇంగ్లండులో ఇన్సులిన్ ఉచితంగా ఇస్తున్నా ఇలా ఆసుపత్రి పాలయ్యేది పేదలుండే వాడల పిల్లలే ఎక్కువని, నీ ఒక్కదాని తప్పు కాదని అన్నారు. మిఠాయిల పని చేసే ఇల్లు కాబట్టే పిల్లకి షుగర్ వచ్చిందని మా వీధిలో మూడేళ్లుగా అంటుంటే నేనూ నమ్మాను. ఇది తీపి తిని తెచ్చుకునే జబ్బు కాదని, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేస్తుందని ఆయన చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఫ్రిజ్ లేదంటే కుండ ఉపాయం చెప్పింది కూడా ఆయనే. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, దాన్లో మూత పెట్టిన డబ్బాలో సీసా. రోజూ ఇసుక తడిపే పని పాపే చేస్తోంది.

నాతో టెన్త్ చదివిన వాళ్లంతా కలిసి ఆరు నెలలకి సరిపడా స్ట్రిప్పులు కొనిచ్చారు. మందుల షాపు అన్నయ్య గారు "సీసా ముందు పట్టుకెళ్లమ్మా, డబ్బులు తర్వాత చూద్దాం" అన్నారు. మీ అందరికీ పేరుపేరునా దణ్ణాలు.

టీచర్ గారూ, పాప సోమవారం నుంచి బడికి వస్తోంది. ఆదివారం తప్పకుండా మా ఇంటికి రండి. మీకోసం రేకులు చుట్టి ఉంచుతాను.