ఏడుపు పాటలని కొట్టిపారేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

విడాకుల తర్వాత వచ్చే పాప్ ఆల్బమ్‌లన్నీ ఏడుపుగొట్టువేనని మొన్న ఆదివారం అనుబంధంలో రాశారు, అందులో బ్రిటిష్ గాయని అడెల్ ఆల్బమ్ '30'ని కూడా కలిపేశారు. చాలా బాధేసింది. 2021 నవంబరులో వచ్చిన ఆ ఆల్బమ్‌లో 'మై లిటిల్ లవ్' అని ఆరు నిమిషాలు దాటిన పాట ఒకటుంది, దాని మధ్య మధ్యలో ఆమె తన చిన్న కొడుకుతో మాట్లాడుతూ రికార్డు చేసుకున్న మాటలు వినిపిస్తాయి. చివర్లో పాట ఆగిపోయి, ఒంటరిగా అనిపిస్తోందని ఏడుస్తూ చెబుతుంది, గొంతు వణికిపోతూ. నేను మొదటిసారి బస్సులో విన్నాను. ఇయర్‌ఫోన్స్ తీసేసి, దిగాల్సిన స్టాపు దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

కొడుకు పెద్దయ్యాక తను ఎందుకు విడిపోయిందో ఈ పాటల ద్వారా వాడికి అర్థం కావాలని కోరుకున్నానని ఆమే చెప్పింది. మన ఇళ్లలో ఎంతమంది తల్లులు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ మాట చెప్పగలుగుతున్నారు? 'నాన్న ఊరెళ్లాడు' అని సర్దిచెప్పడమే ఎక్కువ. నేనూ అలా సర్దిచెప్పినదాన్నే, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా.

ఇంకోటి, పాటలు వరసలోనే వినాలని ఆమె అడిగితేనే స్పాటిఫై అనే పాటల యాప్ ఆల్బమ్ పేజీల్లో ముందుగా కనిపించే, పాటల వరస మార్చేసి వినిపించే షఫుల్ బటన్ తీసేసింది. అంత జాగ్రత్తగా పేర్చిన వరస అది. మీ విమర్శకుడిని ఒక రాత్రి తీరిగ్గా మొదటి పాట నుంచి చివరి దాకా విని, మళ్లీ రాయమనండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ