బ్యాటరీని రెండు గీతలుగా గీసి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

బ్యాటరీతో నడిచే వాల్వు ప్రీఆంప్‌ను, అంటే పాట సిగ్నల్‌ను పవర్ ఆంప్‌కు పంపే ముందు వాక్యూమ్ ట్యూబుతో పెంచే పరికరాన్ని, ఇంట్లోనే కట్టుకోవాలనే ఉత్సాహం చాలామందిలో ఉంది. మీ సాంకేతిక పేజీలో అలాంటి సర్క్యూటు వేసేటప్పుడు ఒక్క విషయం పట్టించుకోవాలని ఈ ఉత్తరం. ఇలాంటి బొమ్మల్లో వాల్వు, రెసిస్టర్లు, కెపాసిటర్లు వివరంగా ఉంటాయి. బ్యాటరీ మాత్రం ఒక పొడుగు గీత, ఒక పొట్టి గీత. ఎంత కరెంటు లాగుతుంది, ఎన్ని గంటలు వస్తుంది, ఫ్యూజు ఎక్కడ పెట్టాలి, ఏ వోల్టేజీ దగ్గర ఆపేయాలి అన్నవేవీ ఉండవు. కట్టేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

ముందు లెక్క చూద్దాం. తేలిగ్గా దొరికే 12ఏయూ7 వాల్వునే తీసుకోండి. ఈసీసీ82 అన్నా ఇదే. దీని హీటరు, అంటే ఎలక్ట్రాన్లను వెలువరించే కేథోడ్‌ను వేడిచేసే తీగ, 12.6 వోల్టుల దగ్గర 150 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే సుమారు 1.9 వాట్లు. ఇందులో ఉన్న రెండు ట్రయోడ్లూ (కేథోడ్, కరెంటును అదుపు చేసే గ్రిడ్, ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు కలిసిన భాగాలు) కలిపి, నేను కింద చెప్పబోయే సర్క్యూటులో, 54 వోల్టుల దగ్గర తీసుకునేది 1.7 మిల్లీ ఆంపియర్లే. అది వాటులో పదో వంతు కూడా కాదు. పాటను మోసే కరెంటుకు అయ్యే ఖర్చుకు ఇరవై రెట్లు కేథోడ్‌ను వేడిగా ఉంచడానికే పోతుంది. కాబట్టి రెండిటికీ రెండు బ్యాటరీలు కావాలి. 1920ల నాటి రేడియోల్లో ఫిలమెంటుకు ఏ బ్యాటరీ, ప్లేటుకు బి బ్యాటరీ అని విడివిడిగానే ఉండేవి. ప్లేటు సరఫరాను ఇప్పటికీ బి ప్లస్ అనడం ఆ రోజుల నుంచి వచ్చిందే.

హీటరుకు 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ సరిపోతుంది. కాగితం మీద 46 గంటలు వస్తుంది గానీ సగం మీదే ఆశ పెట్టుకోండి. హీటరు 11.3 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, బ్యాటరీ మాత్రం ఓర్చుకోదు. 11.8 దగ్గర ఆపేసి ఆ రోజే చార్జికి పెట్టాలి. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ పూర్తిగా చార్జి తీసుకోదు. మధ్యలో వోల్టేజీని 12 దగ్గర నిలకడగా ఉంచే 7812 రెగ్యులేటరు పెట్టమని కొందరు చెబుతారు. ఆ ఐసీ 12 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి 14 వోల్టులకు పైగా రావాలి, ఈ బ్యాటరీ అంత ఇవ్వదు. నేరుగా కలపడమే మేలు. నిండా చార్జయిన బ్యాటరీ ఇచ్చే 12.8, 13 వోల్టులు హీటరు పది శాతం హద్దులోనే ఉంటాయి.

ఫ్యూజు లేకుండా ఈ బ్యాటరీని పెట్టెలోకి ఎక్కించవద్దు. ఇంత చిన్న బ్యాటరీ కూడా షార్టయితే వంద ఆంపియర్లకు పైగా తోయగలదు, వైరు మీది ప్లాస్టిక్ కరిగి మంట అంటుకుంటుంది. పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరలో, స్విచ్చికి ముందే, 1 ఆంపియరు స్లో బ్లో ఫ్యూజు పెట్టండి. స్లో బ్లో ఎందుకంటే, వేడెక్కిన హీటరు నిరోధం 84 ఓములు అయితే చల్లగా ఉన్నప్పుడు అందులో ఆరో వంతో ఏడో వంతో ఉంటుంది. స్విచ్చి వేసిన క్షణంలో ఆంపియరు దాకా లాగుతుంది. 200 మిల్లీ ఆంపియర్ల ఫాస్ట్ ఫ్యూజు పెట్టి, అది ఎగిరిపోతుంటే వాల్వులో షార్టుందనుకుని వాల్వులు మార్చేవాళ్లున్నారు.

ప్లేటుకు 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలు ఆరు, వరుసగా. మొత్తం 54 వోల్టులు, కొత్తవైతే 57 దాకా. 60 లోపు ఉండటం వల్ల పొడి చేతికి ప్రమాదం తక్కువ, అయినా తడి చేత్తో ముట్టుకోవద్దు. 90 వోల్టులకు పెంచాలనుకునేవాళ్లు ప్రతి క్లిప్పునూ, ప్రతి టంకాన్నీ ఇన్సులేషన్‌తో మూసేయాలి. ఈ కొద్ది కరెంటుకు ఆరు బ్యాటరీలూ రెండు వందల గంటలకు పైనే పనిచేస్తాయి. మొత్తం 42 వోల్టులకు పడిపోయాక ఆరిటినీ ఒకేసారి మార్చండి. కొత్తవీ పాతవీ కలిపితే పాతది ముందే ఖాళీ అయి, మిగతావాటి కరెంటుతో ఎదురు చార్జయి కారుతుంది.

12 వోల్టుల నుంచే బూస్ట్ కన్వర్టరుతో ప్లేటు వోల్టేజీ తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకోవచ్చు, కానీ నిశ్శబ్దం కోసం బ్యాటరీ పెట్టి, దాని పక్కనే స్విచింగ్ రొదను పుట్టించే సాధనాన్ని కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. ఇక 12ఏయూ7 ప్లేటుకు 12 వోల్టులే ఇచ్చే సర్క్యూట్లు పలుకుతాయి గానీ, అంత తక్కువలో గ్రిడ్ కరెంటు మొదలై శబ్దం త్వరగా చిట్లిపోతుంది. 12 వోల్టుల మీద పనిచేయడానికే కారు రేడియోల కోసం చేసిన 6జీఎం8 లాంటి వాల్వులు వేరే ఉన్నాయి.

ఇప్పుడు సర్క్యూటు. ఒక వాల్వులోని రెండు ట్రయోడ్లు రెండు చానళ్లకు సరిపోతాయి. లోపలికి వచ్చే సిగ్నల్ 50 కిలో ఓముల లాగ్ వాల్యూమ్ కంట్రోల్‌కు. దాని మధ్య కాలు నుంచి గ్రిడ్‌కు 1 కిలో ఓము రెసిస్టరు, సాకెట్ పిన్నుకు ఆనుకునేలా టంకం వేయాలి. దూరంగా పెడితే రేడియో తరంగాలను ఆపే పని చేయదు. మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓము. వాల్యూమ్ కంట్రోల్ అరిగి ఒక క్షణం కాంటాక్టు తప్పినా గ్రిడ్ గాల్లో వేలాడకుండా ఇది కాపాడుతుంది. కేథోడ్‌కు 1.5 కిలో ఓములు, దాని మీద కెపాసిటరు వద్దు. ప్లేటుకు 22 కిలో ఓముల మెటల్ ఫిల్మ్ రెసిస్టరు. ప్రతి చానల్‌కు విడిగా 1 కిలో ఓము, 47 మైక్రోఫారడ్లు, 100 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌తో సరఫరాను వడకట్టాలి.

ఈ వడపోత అనవసరం, బ్యాటరీ శుద్ధమైన డీసీయే కదా అనుకుంటారు. ప్లేటులో పాటతో పాటు ఊగే కరెంటు బ్యాటరీ గుండానే తిరిగి వస్తుంది. బ్యాటరీ పాతబడే కొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది, ఒక చానల్ శబ్దం రెండో దాంట్లోకి కారుతుంది. బ్యాటరీని రెండు గీతలుగా చూడొద్దనడం ఇందుకే. అది కూడా పాట నడిచే దారిలో ఉన్న భాగమే.

ప్లేటు నుంచి బయటికి 1 మైక్రోఫారడ్, 250 వోల్టుల ఫిల్మ్ కెపాసిటరు, దాని తర్వాత గ్రౌండ్‌కు 1 మెగా ఓము. మల్టీమీటరు పెడితే ప్లేటు దగ్గర 33 నుంచి 39 వోల్టులు, కేథోడ్ దగ్గర 1.1 నుంచి 1.5 రావాలి. ప్లేటు దగ్గర పూర్తి 54 కనిపిస్తే వాల్వులో కరెంటు పారడం లేదని అర్థం. హీటరు వెలుగుతుందో లేదో, కేథోడ్ రెసిస్టరు గ్రౌండ్‌కు అందిందో లేదో చూడండి.

ఇది దాదాపు ఆరు రెట్లు పెంచుతుంది. బయటికి చూపే నిరోధం 14 కిలో ఓములు, అదే దీని బలహీనత. పవర్ ఆంప్ ఇన్‌పుట్ 47 కిలో ఓములైతే నాలుగున్నర రెట్లు మిగులుతుంది. 10 కిలో ఓములైతే రెండున్నర కూడా మిగలదు. మీటరుకు వంద పికోఫారడ్లుండే కేబుల్‌ను అయిదు మీటర్లు లాగితే పైస్థాయి స్వరాలు మందగిస్తాయి. మీటరు లోపు కేబుల్ వాడండి. కేథోడ్ రెసిస్టరు మీద 220 మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిపితే పెంపు పదికి చేరి, బయటి నిరోధం 9 కిలో ఓములకు దిగుతుంది, దానితో పాటు వక్రీకరణ పెరుగుతుంది. నేనైతే కలపను.

పిన్నుల దగ్గర పొరపాట్లు ఎక్కువ. 1, 2, 3 ఒక ట్రయోడ్ ప్లేటు, గ్రిడ్, కేథోడ్. 6, 7, 8 రెండోది. హీటరుకు 12 వోల్టులు 4, 5 పిన్నుల మధ్య ఇచ్చి 9ని వదిలేయాలి. 9 హీటరు మధ్య బిందువు. 4కూ 9కీ 12 వోల్టులు ఇస్తే సగం హీటరు మీద రెండింతల వోల్టేజీ పడి వాల్వు కాలిపోతుంది.

హీటరు బ్యాటరీ నెగటివ్‌ను ఆడియో గ్రౌండ్‌కు ఒకే ఒక్క చోట కలపాలి. డీసీయే కదా అని వేలాడదీస్తే చుట్టూ ఉన్న వైర్ల నుంచి గుయ్‌మనే మోత పట్టుకుంటుంది. చార్జింగ్‌కు రెండు పోల్స్, రెండు దారుల స్విచ్చి పెట్టండి. ఒక వైపు వినడం, ఇంకో వైపు చార్జింగ్. పాజిటివ్‌తో పాటు నెగటివ్ కూడా తెగాలి, లేకపోతే చార్జరు రొద నెగటివ్ దారిలో లోపలికి వస్తుంది. స్విచ్చి వేసిన అరనిమిషంలో వాల్వు వేడెక్కుతూ ప్లేటు వోల్టేజీ 54 నుంచి 35కు దిగుతుంది. ఆ కుదుపు కెపాసిటరు గుండా స్పీకరుకు చేరితే ఢామ్మంటుంది. పవర్ ఆంప్‌ను ఆఖరున వేసి మొదట ఆపండి, లేదా అవుట్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపే మ్యూట్ స్విచ్చి పెట్టండి.

బ్యాటరీ పెడితే గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలిసి మోత తెచ్చే చుట్టు) పోతుందనే మాటనూ దయచేసి అచ్చేయకండి. పాట ఇచ్చే పరికరం, పవర్ ఆంప్ రెండూ ఎర్త్‌కు కలిసి ఉంటే, కేబుళ్ల షీల్డులు ఈ ప్రీఆంప్ గ్రౌండ్ మీదుగా ఒకదానికొకటి కలిసే ఉంటాయి. బ్యాటరీ తన సరఫరా నుంచి వచ్చే హమ్మును మాత్రమే తీసేస్తుంది. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చేదాన్ని కూడా ఆపలేదు. అందుకు లోహపు పెట్టె కావాలి, దానికన్నా ముఖ్యంగా దూరం కావాలి.

ఇకపై ఇలాంటి సర్క్యూటు వేసినప్పుడు బొమ్మ కిందే హీటరు కరెంటు, ప్లేటు కరెంటు, ప్రతి పిన్ను దగ్గర రావలసిన వోల్టేజీ, ఫ్యూజు విలువ, అది ఉండాల్సిన చోటు, బ్యాటరీని ఆపాల్సిన వోల్టేజీ అచ్చువేయండి. సాకెట్ పిన్నులు కింది నుంచి చూస్తే గడియారపు దిశలో లెక్కపెట్టినవని కూడా ఒక్క ముక్క రాయండి. పై నుంచి లెక్కపెట్టి కడితే మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడి, ప్లేటు వోల్టేజీ ఎక్కడికో పోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు