రెండు రోజులని చెప్పి తొమ్మిది రోజులు పట్టిన బాస్ గిటార్ సంగతి

పోయిన నెల ధర్మవరం నుంచి ఒక తమ్ముడు నా రిపేరు షాప్‌కి బాస్ గిటార్ తెచ్చాడు. చర్చిలో వాయించేది. నెక్ (తీగలు సాగే పొడుగాటి కట్టె మెడ) ముందుకు వంగి, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగల కింద వేలు దూరేంత సందు. "అన్నా, ఆదివారానికి కావాల" అన్నాడు. ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పితే సరిపోయే పనేలే అనుకుని, రెండు రోజుల్లో ఇస్తాను, ఆరు వందలు అన్నాను. తొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో షాప్‌కి వచ్చి "మాది అయిందా?" అని అడిగిన వాళ్లందరికీ సగం సగం జవాబులే చెప్పాను. అందుకే ఇప్పుడు అసలు సంగతి చెబుతున్నాను.

ట్రస్ రాడ్ అంటే నెక్ లోపల, ఫ్రెట్ బోర్డు (ఫ్రెట్లు బిగించిన పలక) కింద ఉండే స్టీల్ కడ్డీ. బాస్‌కి నాలుగే తీగలైనా అన్నీ కలిసి 70 కిలోలకు పైనే లాగుతాయి. ఆ లాగుడుకి ఎదురు నిలబడేది ఈ కడ్డీయే. దాని చివర నట్ బిగిస్తే నెక్ వెనక్కి వస్తుంది, వదులు చేస్తే ముందుకు వంగుతుంది. పైగా మన అనంతపురం ఎండకి కట్టెలో తేమ ఆరిపోయి నెక్ కదులుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో సెట్ చేసింది వానాకాలానికి అలాగే ఉండదు.

ఇక నా తప్పు. నట్ తిరగలేదు. తుప్పేమో అనుకున్నాను. బల్ల మీద చేతికి దొరికిన అలెన్ కీ (నట్ తిప్పే ఆరు మూలల కడ్డీ) పెట్టి గట్టిగా తిప్పాను. అది అంగుళాల సెట్‌లోది, 3/16. అంటే 4.76 మిల్లీమీటర్లు. నట్‌లో కీ దూరే గుంత ఏమో 5 మిల్లీమీటర్లది. పావు మిల్లీమీటరే కదా తేడా అనిపిస్తుంది కానీ, కీ జారి నట్ లోపలి మూలలు అరిగిపోయాయి. పదేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, కొత్తగా చేరిన పిల్లాడు చేసినా తిట్టేవాణ్ణి.

ఆ రాత్రి షట్టర్ వేసి కూర్చుని చూస్తే ఒక మంచి విషయం కనబడింది. మూలలు పైన మాత్రమే అరిగాయి, గుంత అడుగున బాగానే ఉన్నాయి. కొత్త 5 మిల్లీమీటర్ల కీ కొనుక్కొచ్చి, దాని కొసన ఉండే ఏటవాలును సానరాయి మీద చదును చేశాను. అప్పుడు గుంత అడుగుదాకా దిగి పట్టు దొరికింది. తీగలన్నీ వదులు చేసి, నెక్ మీద తిన్నని ఇనుప పట్టీ పెట్టి, రెండు చివర్లా చెక్క ముక్కలు ఆనించి, మధ్యలో క్లాంపుతో నెక్‌ను పట్టీ వైపు లాగాను. వంపు సరిచేసే పని క్లాంపే చేస్తుంటే నట్ మీద భారం తగ్గుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ని ఐదు నిమిషాలు కీకి ఆనించి వేడి పుట్టించాను. సూది మొనతో మర మీద ఒకే చుక్క ఆయిల్. స్ప్రే కొట్టేస్తే కట్టె ఆయిల్ తాగేస్తుంది, దయచేసి ఎవరూ కొట్టకండి. బిగించే వైపు కాదు, ముందు వదులు చేసే వైపు తిప్పాను. 'టిక్' మని శబ్దం వచ్చింది. కడ్డీ విరిగిందేమో అని గుండె ఆగినంత పనైంది. విరగలేదు, నట్ కదిలింది.

నట్ బయటికి తీశాక తెలిసింది, అసలు సమస్య తుప్పు కాదు. ఎవరో అంతకు ముందే బిగించీ బిగించీ మర చివరిదాకా తెచ్చారు. ఇక తిరగడానికి మరే మిగల్లేదు. నేను కీకి పైపు తగిలించి ఇంకాస్త బలం పెట్టి ఉంటే కడ్డీ తెగేది. అప్పుడు ఫ్రెట్ బోర్డు ఊడదీయాలి, లేదంటే కొత్త నెక్ కొనాలి. మందు ఏమిటంటే రెండు వాషర్లు. సైకిల్ షాపులో దొరికినవే, ఆ సందులో పట్టేలా చుట్టూ ఆకురాయితో అరగదీసి వేశాను. కొత్త నట్ వేసి, మరకి కాస్త గ్రీజు పూసి బిగిస్తే నెక్ నిలబడింది. రెండు రోజులు తీగలు ఎక్కించి అలాగే ఉంచి మళ్లీ కొలిచాను. తీగను రెండు చివర్లా నొక్కి పట్టి చూస్తే ఎనిమిదో ఫ్రెట్ దగ్గర 0.3 మిల్లీమీటర్ల సందు, సరిగ్గా ఉంది.

ఆ తమ్ముడికి ఆదివారం పోగొట్టకూడదని నా సొంత బాస్ ఇచ్చి పంపాను. డబ్బు ఆరు వందలే తీసుకున్నాను. అరిగిన నట్ నా ఖర్చే. "నాకెందుకు ముందే చెప్పలేదన్నా" అని మాత్రం అడిగాడు. నిజమే, మూడో రోజే ఫోన్ చేసి ఉండాల్సింది.

ఇకమీదట నెక్ పనికి ఫోన్‌లో రోజు చెప్పను. బాస్ చూశాకే చెబుతాను. నట్ పావు చుట్టుకి కదలకపోతే అక్కడే ఆపి మీకు ఫోన్ చేస్తాను. ఇంతకు ముందు ఎవరైనా తిప్పి ఉంటే దాచకుండా చెప్పండి, నేనేమీ అనను. నాది నేను చెప్పుకున్నాను కదా.

ఈ గొడవలో వెనకబడిన మూడు గిటార్లు, ఒక వయొలిన్ ఉన్నాయి. గిటార్లు శనివారానికి తయారు. వయొలిన్ బ్రిడ్జ్ (తీగలను మోసే చెక్క ముక్క) ఇంకా బెంగళూరు నుంచి రాలేదు, వచ్చిన రోజే ఆ అక్కకి కబురు పెడతాను.